అగ్నిపర్వతపు బూడిద నేలలు, వానిని కాచు కొండయడవులు

నల్లనేల యనగానే మన రైతునకు ప్రత్తి, జొన్న, శనగ జ్ఞప్తికి వచ్చును. జావా ద్వీపమునందలి కొండవాలులమీద నల్లని నేలలు గలవనియు, అవి అగ్నిపర్వతముల మూలమున కలిగినవనియు, మన రేగడియు అట్టి మూలము గలదే యనియు వినినవారు రెండును ఒకటే యని తలంచుట సహజము. కాని ఆ తలంపు సరియైనది కాదు. ఆ నేలల స్వభావము వేరు, వాని సేద్యము వేరు, అవి చెడిపోవు విధము వేరు. దూరదేశపు నేలల సంగతి మన కెందులకని రైతులు అడుగవచ్చును. నేలను రంగునుబట్టి ఎంచుట, అడవి క్రింద నున్న మన్ను సారవంతముగా కనబడుటచే చెట్లు కొట్టి కొండవాలును దున్నుట, ఎరువు వేసినను ఫలింపలేదని విత్తనమును నిందించుట మన గ్రామములలోను కలవు. ఈ మూడు పొరపాటులకును బూడిద నేలలు మిక్కిలి స్పష్టమైన దృష్టాంతములు.

బూడిద యనగా నేమి?

ఈ మాటయే మొదట మనలను మోసగించును. పొయ్యిలోని బూడిద కట్టె కాలగా మిగిలినది. అందు పొటాషు క్షారము గలదు కనుక దానిని కూరపాదులకు చల్లుదుము. అగ్నిపర్వతపు బూడిద దేనిని కాల్చగాను మిగిలినది కాదు. భూగర్భమున కరగియున్న రాతిద్రవము, తనయందలి ఆవిరియు వాయువులును ఒక్కసారిగా వెలువడుటచే తునాతునకలై, గాలిలో చల్లారి, సన్నని గాజుపొడిగా నేలపై బడును. దట్టముగా పడినచోట అది పెచ్చు గట్టి వాననీటిని లోనికి పోనీయదు. 2010 అక్టోబరు, నవంబరు నెలలలో జావాయందలి మెరాపి పర్వతము ప్రేలినప్పుడు 350 మందికి పైగా మరణించిరి. పిమ్మట కురిసిన వానలకు ఆ బూడిద బురదయై, బండలతో గూడ వాగులవెంట దిగి, పొలములను, వంతెనలను పాడుచేసెను. ఇట్టి బురద ప్రవాహమునకు జావా ప్రజలు వాడు ‘లహారు’ అను మాటనే నేడు సకల దేశముల శాస్త్రజ్ఞులును వాడుచున్నారు. కావున బూడిద పడిన చోటనెల్ల మరుసటి యేడే బంగారము పండుననుట కల్ల. పలుచగా పడినచోట మాత్రము రైతులు దానిని దున్ని పాతనేలలో కలుపుకొందురు.

గాజుపొడి నేలగా మారవలెనన్న వాన, వెచ్చదనము, ఆకు కావలెను. గట్టి రాతికంటె గాజు త్వరగా కరగును. కరగిన గాజునుండి వెలువడిన ఇసుకసారమును (సిలికా), అల్యూమినియమును కలిసి అల్లోఫేను అను మిక్కిలి సూక్ష్మమైన పదార్థమగును. ఇది లోపల బోలుగానుండు గోళీలవంటిది, కంటికి కానరాదు. అడవినుండి రాలిన ఆకు కుళ్ళి ఈ అల్యూమినియముతో పెనవేసికొనగా, ఆ కుళ్ళు సులభముగా క్షయింపక యేండ్లతరబడి నేలలోనే నిలిచిపోవును. అందుచేతనే ఈ నేలలకు ముదురు రంగును, గుల్లతనమును కలుగును. ఎండిన ఈ మన్నును, నేలలో నున్న గుల్లతనము చెడకుండ ఒక కొలపాత్రతో తీసి తూచినయెడల, అదే పాత్రెడు నీటికంటె తేలికగా తూగును. అయినను అది తన బరువునకు సరియైన నీటిని, అతివృష్టి ప్రదేశములలో అంతకు మించియు, పట్టియుంచగలదు. అడవి క్రింద నున్నంతకాలము ఇది వానను త్రాగి, ఎండాకాలమున మెల్లమెల్లగా ఊటలకు విడుచుచుండును. కొండ క్రింది వరిమళ్ళకు నీరిచ్చునది పైనున్న ఈ మన్నే.

ఈ నేలలకు శాస్త్రగ్రంథములలో అండోసోలు లని పేరు. జపాను భాషలో ‘అన్’ అనగా ముదురు, ‘దో’ అనగా నేల. 1940ల చివర జపానులో నేలలను పరిశీలించిన అమెరికా శాస్త్రజ్ఞులు ఈ మాటలనుండి పేరు కల్పించిరి. ఆ దేశపు రైతులు దీనిని ‘కురోబోకు’ అందురు.

ఒకే మూలము, వేరువేరు నేలలు

జావా పర్వతమొకదానిని శిఖరమునుండి మైదానమువరకు దిగి చూచినచో ఒక వింత కానవచ్చును. చల్లగా, నిత్యము తడిగానుండు పైభాగపు అడవులలో గుల్లయైన ముదురు నేల. దానికి దిగువ, వెచ్చని వాలులలో, గోధుమరంగు లేక ఎర్రని బంకనేల. మరల ఎండాకాలము తీవ్రముగానుండు మైదానములలో మన రేగడివలెనే తడిసిన అంటుకొనునట్టియు, ఎండిన నెఱ్ఱెలు విచ్చునట్టియు నల్లనేల. మూలపదార్థము అన్నిచోట్లను అగ్నిపర్వతమునుండి వచ్చినదే. వాన, ఎండ, నీటిపారుదల మారుటచే నేల మారినది. పై నల్లనేలయు, క్రింది నల్లనేలయు చూపునకు బంధువులు, పనికి అపరిచితులు.

మన దేశమునను ఇట్టిది కలదు. దక్కను పీఠభూమిపై సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్లకు పూర్వము పారిన లావారాయి ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతములలో రేగడియైనది. పడమటి కనుమలలో, ఏటికి 200 అంగుళములకు పైగా వాన గల మహాబలేశ్వరమున, అదే రాయి ఎర్రని జాజురాయి పొరయైనది. మన రేగడి పారిన లావా గట్టిపడిన రాయినుండి పుట్టినది. ఎగిరిపడిన బూడిదనుండి కాదు. అందలి బంకరేణువులు తడిసిన ఉబ్బును, ఎండిన ముడుచుకొనును. అల్లోఫేను అట్లు ఉబ్బదు, నెఱ్ఱెలు విచ్చదు.

నిజమైన అగ్నిపర్వతపు బూడిదయు తెలుగుదేశమున లేకపోలేదు. సుమారు 74,000 యేండ్లకు పూర్వము సుమత్రా ద్వీపమందలి తోబా పర్వతము ప్రేలినప్పుడు ఎగసిన బూడిద సముద్రము దాటి వచ్చి మన భూములపైనను పడెను. కర్నూలు సీమలో, 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరిన జ్వాలాపురమువద్ద జుర్రేరు లోయలో ఈ బూడిద పొర నేటికిని కానవచ్చుచున్నది. దానిపైనను క్రిందను దొరకిన రాతిపనిముట్ల మూలమున ఆ చోటు పురాతత్వజ్ఞులలో ప్రసిద్ధి కెక్కెను. పాత్రలు తోము పొడులకని దీనిని త్రవ్వి తరలించిరి. అనగా ఇన్ని వేల యేండ్లైనను అది గాజుపొడిగానే యున్నదన్నమాట. వాన తక్కువ, పైగా మట్టిక్రింద కప్పబడిపోయినది. సారమిచ్చు నల్లనేల కాలేదు. దీనికి మరియొక కారణమును కలదు. తోబా బూడిదలో ఇసుకసారము హెచ్చు, సున్నము, మెగ్నీషియము తక్కువ. జావా పర్వతముల బూడిదలో ఈ రెండును విశేషముగా గలవు. డచ్చి నేలశాస్త్రజ్ఞుడు మోరు 1930లలో ఈ భేదమును గుర్తించి, ఆ ద్వీపములలో జనసాంద్రతకును నేలమూలమునకును గల సంబంధమును చూపెను. తెలంగాణము కంటె కొంచెమే పెద్దదైన జావాలో 2020 జనగణన నాటికి 15 కోట్లకు పైగా జనులు గలరన్న, ఆ బూడిద యెట్టి అన్నము పెట్టుచున్నదో ఊహింపవచ్చును.

దియెంగు కొండలమీద ఆలుగడ్డ

మధ్య జావాలో దియెంగు అను పీఠభూమి సుమారు 2,000 మీటరుల యెత్తున గలదు. సెరాయు నది అచ్చట పుట్టును. 1980లనుండి అచ్చటి రైతులు ఆలుగడ్డ సేద్యమును హెచ్చించిరి. చల్లని వాతావరణము, గుల్లనేల ఆ పంటకు మిక్కిలి అనుకూలములు. ధరయు బాగుగా వచ్చెను. 1998లో దేశమందు ప్రభుత్వము మారిన గందరగోళపు దినములలో పైవాలుల అడవులును విరివిగా నరకబడి ఆలుగడ్డ తోటలయ్యెను. వీరిని అవివేకులనుట తగదు. చిన్న కమతము గలవానికి ఒక పంటతో అప్పు తీరునన్న, చెట్టును నిలుపుమని దూరమునుండి చెప్పుట సులభము.

అయితే నష్టము వచ్చిన మార్గమును చూడవలెను. ఆలుగడ్డ వేరు నీటిలో నిలిచిన కుళ్ళును. కావున అచ్చట బోదెలను కొండవాలున కడ్డముగాగాక పైనుండి క్రిందికి, నీరు త్వరగా జారిపోవునట్లు, తీయు అలవాటు ప్రబలినది. పంట నిలిచినది గాని, ప్రతి బోదెసాలును ఒక చిన్న వాగైనది. నీడ పోగా పైమన్ను ఎండకు గురియైనది. బూడిద నేలయొక్క గొప్ప బలహీనత యిచ్చటనే యున్నది: ఒక్కసారి పూర్తిగా ఎండినయెడల దాని సన్నని నిర్మాణము ముడుచుకొనిపోయి, మరల ఎంత తడిపినను మునుపటివలె నీటిని పట్టదు. మన రేగడి ప్రతి వేసవిని ఎండి నెఱ్ఱెలిచ్చి, తొలకరికి మరల ఉబ్బి పూర్వస్థితికి వచ్చును; ఎండుట దానికి వైద్యమువంటిది. బూడిద నేలకు అది మరణము. ఎండి తేలికైన పలుకులు గాలికి లేచును, వానకు కొట్టుకొనిపోవును. అట్లు పోయిన మన్ను సెరాయు నదిలో దిగి, 1980ల చివర కట్టబడిన మ్రిచ జలాశయమును పూడ్చుచు వచ్చినది. కొండమీది రైతులు పోయిన సారమునకు బదులుగా నానాటికి హెచ్చు ఎరువు కొనవలసి వచ్చినది. క్రింది రైతుల నీటినిలువ తరుగుచు వచ్చినది.

అడవియున్న చాలును, కొండ కదలదని చెప్పుటయు సత్యము కాదు. 2018 సెప్టెంబరు 6వ తేదీన జపాను ఉత్తరమందలి హొక్కైదో ద్వీపమున భూకంపము రాగా, అత్సుమ ప్రాంతమున దట్టమైన అడవులు గల కొండవాలులు వేలకొలది చోట్ల చెట్లతో సహా జారిపడి, 30 మందికి పైగా మరణించిరి. అచ్చట పూర్వకాలమున పడిన బూడిద, నురుగురాయి పొరలు వేళ్ళకు అందనంత లోతున నీటితో మెత్తబడి యుండెను. చెట్టు తన వేరు పారినంతవరకే మన్నును పట్టగలదు. అడవి చేయు మేలు నేలపైపొరను కాచుట, తడి నిలుపుట. భూకంపమును ఆపుట కాదు. అందుచే ఇట్టి నిలువువాలుల పాదమున ఇండ్లు కట్టుకొనకుండుట మేలు.

నల్లగా నుండియు పండని నేల

జపాను రైతులు శతాబ్దములపాటు కురోబోకును మంచి పొలముగా ఎంచలేదు. చాలవరకు గడ్డిబీడుగను, అడవిగను విడిచిరి. నిజమునకు అందు మిక్కిలి నల్లనివి ఏటేట గడ్డి కాల్చిన బీళ్ళ క్రింది నేలలే. అడవి క్రిందివి అంత నలుపు గాక గోధుమరంగున నుండును. ఆకుకుళ్ళు ఇంత హెచ్చుగా నుండియు పైరు ఏల పండకుండెను? అల్లోఫేను భాస్వరమును గట్టిగా పట్టివేయును. నేలను అండోసోలుగా గుర్తించుటకు శాస్త్రజ్ఞులు పెట్టిన గురుతులలో, పరీక్షయందు ఇచ్చిన భాస్వరములో నూటికి 85 వంతులైనను నేల పట్టివేయవలె ననునది యొకటి. అనగా రైతు చల్లిన సూపరు ఫాస్ఫేటులో మొక్కకు దక్కునది స్వల్పము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప భాస్వరపు ఎరువులను విశేషముగా వేయుటచేతనే ఆ బీళ్ళు కూరగాయల పొలములైనవి.

మన నేలలు అంతగా పట్టవు గాని, పట్టకపోవు. ఎర్ర చెల్కలలో ఇనుమును, అల్యూమినియమును, సున్నపు గుల్లలు గల రేగడిలో సున్నమును భాస్వరమును బంధించును. కావున సూపరు ఫాస్ఫేటును పొలమంతట చల్లి దున్నుటకంటె, బాగుగా మాగిన పశువుల యెరువుతో కలిపి, విత్తనమునకు రెండంగుళముల ప్రక్కగాను రెండంగుళముల లోతుగాను సాలులో పడునట్లు వేయుట మేలు. అట్లు వేసిన ఎరువు తక్కువ మంటిని తాకును. లేతవేరు దానిని ముందుగా అందుకొనును. సేద్యపు ఖర్చులో భాస్వరపు ఎరువు గణనీయమైనది గనుక ఈ శ్రమ వృథా పోదు.

నేలను పోల్చుకొనుటకు ఇంటివద్ద చేయదగిన పరీక్ష యొకటి గలదు. జానెడు లోతునుండి తడిమన్ను పిడికెడు తీసి బొటనవ్రేలితో నులుమవలెను. రేగడి వ్రేలికి జిగురువలె అంటి, సాగదీసిన త్రాడువలె వచ్చును. చెల్క గరగరలాడి విరిగిపోవును. బూడిద నేల మొదట గట్టిగానే తోచి, నులుముచుండగా అకస్మాత్తుగా వెన్నవలె జారి నీరు విడుచును, వ్రేలికి అంటదు. మన ప్రాంతపు నల్లనేలలలో ఈ మూడవ గుణము కనబడదు. కావున అగ్నిపర్వతపు నేలల సేద్యమునుగూర్చి పరదేశపు గ్రంథములలో వ్రాసిన ఎరువుల మోతాదులను మన రేగడికి అన్వయింపరాదు. మన మోతాదును మన పొలపు మన్ను పరీక్షించియే నిర్ణయించుకొనవలెను. ఇందులకు పొలమున 8, 10 చోట్ల ఆరంగుళముల లోతువరకు మన్ను తీసి, గట్లప్రక్కను, పెంటకుప్పల చోటును, చెట్లనీడను విడిచి, అంతయు కలిపి నీడన ఆరబెట్టి, అందు సుమారు ఒక సేరు పరీక్షాలయమునకు పంపవలెను. కొండవాలు మన్నును పల్లపు మన్నుతో కలుపక వేరుగా కట్టి, ఏది యెక్కడిదో చీటి వ్రాసి యుంచవలెను.