కత్తితోక చేప: రకమును గుర్తించుట, విత్తనమును కాపాడుట

మడిలోని కేళీలను ఏరివేయక విత్తనపు ధాన్యము దాచు రైతు మన కృత్తివెన్ను ప్రాంతమున కానరాడు. రంగుచేపల తొట్టె పెట్టిన సభ్యులు మాత్రము ఈ జాగ్రత్తను మరచుచున్నారు. స్వార్డ్‌టెయిల్ అనెడి కత్తితోక చేప విషయమున ఈ మరపు వలన మిక్కిలి నష్టము గలదు.

ఈ చేప మెక్సికో మొదలు హోండురాస్ వరకు గల ఏరులలోనిది. మగదాని తోక క్రిందియంచు కత్తివలె సాగియుండును. ఇది గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. కొంచెము కఠినమై క్షారగుణము గల నీరు దీనికి హితము; స్వల్పమైన ఉప్పదనమునకు ఓర్చును. కావున మన తీరగ్రామముల నీటికి వెఱవ నక్కరలేదు. రొయ్యలచెరువు నీరంత ఉప్పు మాత్రము పనికిరాదు.

మూలరకము పచ్చనిది, ప్రక్కను ఎఱ్ఱని చార యుండును. ఎఱ్ఱరకము ప్లాటీ అను చుట్టపుచేపతో సంకరము చేసి సాధించినది. ఒడలు ఎఱుపై, రెక్కలును తోకయు నలుపైనచో వ్యాగ్‌టెయిల్. తోక రెండంచులును సాగినచో లైర్‌టెయిల్. ఈ కడపటి రకపు మగవానికి సంగమపు రెక్కయు మితిమీరి సాగుటచే జతకట్టుట సాధారణముగ సాధ్యపడదు. లైర్‌టెయిల్ ఆడదానికి సాదాతోక మగదానిని కూర్చినచో పిల్లలలో ఇంచుమించు సగము లైర్‌టెయిళ్లగును.

అసలు చిక్కు వేఱొకటి. ఆడచేప ఒక్కమారు జతకట్టిన పిదప మగబీజమును నెలల తరబడి కడుపున దాచుకొని, మగతోడు లేకయే సుమారు 28 దినముల కొకసారి పలుకాన్పులు కనగలదు. మేమును ఇట్లే మోసపోయితిమి. ఒక దుకాణమున 12 ఎఱ్ఱ ఆడచేపలను కొని, మంచి ఎఱ్ఱమగలను తోడుచేసితిమి. పిల్లలు పెరిగినకొలది పెక్కింటికి నల్లరెక్కలు పొడసూపెను. మగలను నిందించి మార్చితిమి. మఱుసటి కాన్పును అట్లే వచ్చెను. ఆ ఆడచేపలు కొనకమునుపే వ్యాగ్‌టెయిల్ మగలతో కలిసియుండెనని పిమ్మట తెలిసికొంటిమి. ఎఱ్ఱవని నమ్మి మావద్ద పిల్లలను కొన్న పొరుగువారికి సొమ్ము తిరిగి యిచ్చితిమి.

కావున పెద్ద ఆడచేపను విత్తనమునకు కొనరాదు. మీ తొట్టెలోని పిల్లలనే ఆరువారముల వయసునుండి వారమున కొకసారి వెలుతురున చూడుడు. కడుపు క్రింది వెనుకరెక్క విసనకఱ్ఱవలె నున్నది ఆడది. సన్నబడి పుల్లవలె మారుచున్నది మగది. మారనారంభించిన దానిని ఆనాడే వేఱు తొట్టెకు మార్చుడు.

ఇక్కడ నొక మెలకువ. కొన్ని మగలు ఆలస్యముగ ఎదిగి, పెద్దవై, చాలకాలము ఆడవానివలెనే కనబడును. ఆడది మగదిగ మారినదని చెప్పుకొను కథలలో పెక్కింటికి మూలమిదియే. ఆడల తొట్టెను విడువక చూచుచుండవలెను. ముందుగ కత్తి వచ్చిన చిన్నమగలనే విత్తనమునకు ఉంచుచున్నచో తరతరమునకు చేప పొట్టియగును.

నల్లమచ్చల ప్లాటీతో కలిసిన సంకరములలో ఆ మచ్చలు వ్రణములై పెరుగునని 1920వ దశకముననే శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మచ్చ ఉబ్బుచున్న చేపను విత్తనమునకు వాడరాదు.

తల్లి తన పిల్లలను తినును గనుక ఈనిక సమయమున తొట్టెలో గుర్రపుడెక్క వేయుడు. వేళ్లసందున పిల్లలు దాగును. ఏరివేసిన చేపలను కాలువలో విడువకుడు. ఆస్ట్రేలియా, హవాయిలలో ఇవి ఏరులలో స్థిరపడినవి. తొట్టెనీరు వదలు గొట్టమునకు సన్నని వల కట్టుడు.