నన్నారి వాసన ఎక్కడిది?



ఎండాకాలంలో మనమందరం నన్నారి షర్బత్ తాగుతాం. ఆ వాసన ఎక్కడి నుండి వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా?

మాది నల్లమలలో ఒక గూడెం. మా అవ్వ అడవి నుండి రెండు రకాల వేర్లు తెస్తుంది. సన్నగా ఉండేది సుగంధిపాల వేరు. లావుగా, కండపట్టి ఉండేవి మారేడు గడ్డలు. మారేడు చెట్టుకూ వీటికీ సంబంధం లేదు. రెండూ తీగలే, జిల్లేడు కుటుంబానివే. తుంచితే పాలు కారుతాయి.

అవ్వ వేర్లను కడిగి, దంచి, లోపలి పుల్ల తీసేసి, రాత్రంతా నీళ్లలో నానబెడుతుంది. పొద్దున మూతపెట్టి సన్నని మంట మీద కాచి, వడగట్టి, బెల్లం వేసి పాకం పడుతుంది. మూత తీస్తే మాత్రం "వాసనంతా ఆవిరైపోతాది" అని కేకలేస్తుంది.

పోయిన సెలవుల్లో సంతలో ఒక షర్బత్ సీసా కొన్నాను. చీటీ మీద చక్కెర, రంగు, "కలిపిన సువాసన" అని ఉంది. వేరు పేరే లేదు. అవ్వకు చదివి వినిపించాను. "అదేందిరా, వేరు లేకుండా వాసన యాడ నుంచి వచ్చింది?" అంది.

బడి తెరిచాక సైన్సు సారును అడిగాను. సారు చెప్పింది ఇది. ఈ రెండు వేర్ల వాసనకు ముఖ్య కారణం 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్ అనే పదార్థం. ఐస్‌క్రీములో వాడే వెనిలిన్‌కు ఇది దగ్గరి చుట్టం. రెండింటిలోనూ 8 కార్బన్, 8 హైడ్రోజన్, 3 ఆక్సిజన్ పరమాణువులే, అమరిక మాత్రం వేరు. వెనిలిన్‌ను 1874లోనే జర్మనీలో టీమన్, హార్మన్ అనే శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు. నన్నారి వాసన పదార్థాన్ని కూడా అలాగే తయారుచేయవచ్చు. అది ఆవిరితో పాటు పోయే గుణం కలది. అవ్వ మూత ఎందుకు పెడుతుందో నాకు అప్పుడు అర్థమైంది!

అయితే వేరుదంతా మంచిది, రసాయనమంతా చెడ్డది అనుకోవచ్చా? అలా కూడా కాదు. అమెరికాలో రూట్ బీర్ అనే పానీయానికి ససాఫ్రాస్ చెట్టు వేరు వాడేవారు. దానిలోని సాఫ్రోల్ వల్ల ఎలుకలకు కాలేయపు క్యాన్సర్ వచ్చిందని తేలి, 1960లో దానిని ఆహారంలో నిషేధించారు. అది కూడా చెట్టు ఇచ్చినదే కదా!

ఇక అసలు బాధ చెబుతాను. మునుపు గూడెం పక్కనే దొరికిన గడ్డల కోసం అవ్వ ఇప్పుడు పొద్దంతా నడుస్తోంది. ఆకు కోస్తే మళ్లీ వస్తుంది. వేరంతా పీకితే తీగే పోతుంది. మారేడు గడ్డల తీగ దక్షిణ భారతంలో తప్ప వేరే ఎక్కడా సహజంగా పెరగదు. ప్రపంచస్థాయి జాబితాలో దానిని అంతరించే ప్రమాదమున్న మొక్కగా చేర్చారు. వాసన సీసాలో ఎప్పటికీ దొరుకుతుంది, తీగ పోతే తిరిగి రాదు. అవ్వ బతుకుతెరువు కూడా దానితోనే పోతుంది.

కనుక మిత్రులారా, వేరు తవ్వినప్పుడు కొంత మట్టిలోనే వదిలి, గుంట పూడ్చాలి. కాయ పగిలి గింజలు గాలికి ఎగిరేదాకా ఆగాలి. సుగంధిపాల వేరు ముక్క నాటినా మొలుస్తుంది. వార్డెన్ గారు అనుమతిస్తే మన హాస్టల్ బోరు పక్కన నాటుదాం. ముక్కలు నేను తెస్తాను.

జవాబులు చెప్పండి:
1. షర్బత్ కాచేటప్పుడు మూత ఎందుకు పెట్టాలి?
2. వెనిలిన్‌కూ నన్నారి వాసన పదార్థానికీ తేడా ఏమిటి?
3. మీ ఊరి అడవిలో ఇప్పుడు దొరకని వేరు ఏది? మీ పెద్దలను అడిగి రాయండి.