పోపుల పెట్టెలో డబ్బు ఎవరిది?

చి. మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

ఎం.ఏ. ప్రాజెక్టుకు ఆడవాళ్ల పొదుపును అంశంగా తీసుకున్నావట, బాగుంది. సైకాలజీ వైపు నుంచి రాయాలా, సోషియాలజీ వైపు నుంచా అని అడిగావు. రెండూ కలిపి రాసేస్తానని మాత్రం అనకు. ముందు వాటి మధ్య పేచీ ఎక్కడుందో చూడు.

రిచర్డ్ థేలర్ 1985 వ్యాసం ఎలాగూ చదువుతావు. ఏ రూపాయైనా రూపాయేనని అర్థశాస్త్రం అంటుంటే, మనిషి మాత్రం మనసులో ఖాతాలు తెరుస్తాడని, అద్దె డబ్బు వేరు, సినిమా డబ్బు వేరు అనుకుంటాడని ఆయన వాదన. 2017లో నోబెల్ కూడా వచ్చింది. హాస్టల్ గదిలో నెలాఖరుకని నువ్వు దాచుకునే ఐదొందలకు ఆ వివరణ చాలు. అక్కడ నీ పోరు నీతోనే.

వివియానా జెలైజర్ అనే సోషియాలజిస్టూ ఇదే సంగతి గమనించింది. కానీ ఆమె వెతికింది 1870 నుంచి 1930 దాకా అమెరికా కాపురాల్లో. 1994లో పుస్తకం వేసింది. ఇంటిఖర్చులో భార్య మిగిల్చిందీ అప్పట్లో అక్కడ చట్టం లెక్కలో భర్తదే. మొగుడి జేబులోంచి డబ్బు తీసిందని కోర్టు దాకా పోయిన కేసులున్నాయి! అంటే ఆ ఖాతా ఒకరి తలలో లేదు, ఇద్దరి మధ్య తగాదాలో ఉంది.

ఇక మన వంటింటికి రా. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. పోపుల పెట్టెల్లో, బియ్యం డబ్బాల్లో ఉన్నవన్నీ బయటికి తీయక తప్పలేదు. బ్యాంకులో వేస్తే రూపాయికి రూపాయి జమైంది. ఖాతా తలలోదే అయితే, అంటే థేలర్ లెక్కన, పోయిందేమీ లేదు. కానీ ఆ డబ్బు ఉన్నట్టు ఇంట్లో తెలిసిపోయింది. కూతురి ఫీజుకని దాచింది కాస్తా బండి రిపేరుకు అడగదగిన డబ్బైపోయింది. ఆ నష్టం ఏ పాస్‌బుక్కులోనూ కనపడదు. ఇక్కడ నా ఓటు జెలైజర్‌కే.

అలాగని సైకాలజీని తీసిపారేయకు. పెట్టెలో డబ్బుండగానే వడ్డీకి అప్పు తెచ్చే ఆవిడ నీకు తప్పక తగులుతుంది. ఒకసారి తీస్తే మళ్లీ దాచలేనని తన మీద తనకే భయమా, లేక పెట్టె సంగతి బయటపడుతుందనా? మొదటిదైతే థేలర్, రెండోదైతే జెలైజర్. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకని ‘ఎంత దాచారు’ అనే కంటే ముందు ‘ఈ సంగతి ఎవరెవరికి తెలుసు’ అని అడుగు. అదీ ఆవిడ అత్తగారు పక్కన లేనప్పుడు.

ఇట్లు,
మామయ్య