కారుకు కొత్త ఫిల్టర్, సైలెన్సర్ బిగిస్తే ఇంధన సరఫరా మార్చాలా? చట్టం ఏమంటుంది?

ఈ జవాబుల్లో 'తేలిక భాగాలు' అంటే కంపెనీ ఫిల్టర్ పెట్టెలోనే కూర్చునే ఎయిర్ ఫిల్టర్, కేటలిటిక్ కన్వర్టర్ తర్వాత వచ్చే సైలెన్సర్. 'ఇంధన సరఫరా మార్పు' అంటే ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు, ప్రెషర్ రెగ్యులేటర్ లేదా ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మ్యాపింగ్ మార్చడం. ఈ జవాబులు ప్రైవేటు పెట్రోలు కార్లకు మాత్రమే వర్తిస్తాయి.

1. తేలిక భాగాలు బిగిస్తే ఇంధన సరఫరా మార్పు తప్పనిసరా?
సాధారణంగా కాదు. వచ్చే గాలిని బట్టి, ఆక్సిజన్ సెన్సర్ రీడింగును బట్టి ఈసీయూ పెట్రోలును తానే సర్దుతుంది. దీన్ని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అయితే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా కార్లలో ఈసీయూ ముందే రాసి ఉన్న పట్టిక ప్రకారం నడుస్తుంది. అక్కడ పెట్రోలు చాలకపోతే ఇంజన్ నాక్ అవుతుంది, పిస్టన్లు దెబ్బతినవచ్చు.

2. అవసరం ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?
మెకానిక్ అంచనా చాలదు, రీడింగు కావాలి. భాగాలు బిగించే ముందూ తర్వాతా ఓబీడీ స్కానర్‌తో ఫ్యూయల్ ట్రిమ్ తీయించండి. ప్రింటు మీద తేదీ, కారు నంబరు, కిలోమీటర్ల రీడింగు ఉండేలా చూడండి. రేపు వివాదం వస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం ఆ కాగితమే.

లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 10 శాతం దాటి నిలబడితే, లేదా పి0171 కోడ్ (మిశ్రమంలో పెట్రోలు తక్కువని సూచన) వస్తే, ముందు గాలి లీకు, పంపు ప్రెషర్ చూపించండి. రెండు రీడింగులూ ఒకే రకం పెట్రోలు మీద తీయించండి. ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు) అదే గాలికి బరువు లెక్కన 8–9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. ఆ తేడాను ఫిల్టర్ మీదకు నెట్టకూడదు.

టర్బో లేని, నాలుగు సిలిండర్ల, పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్‌లో 100 హార్స్‌పవర్‌కు ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి సుమారు 165 సీసీ ఇవ్వగలగాలి. 110కి 180 సీసీ. తేలిక భాగాలతో వచ్చే పెంపు ఈ 10 హార్స్‌పవర్ తేడా కంటే చాలా తక్కువ. కాబట్టి ఫిల్టర్‌తో పాటు పెద్ద ఇంజెక్టర్లు అంటగడితే ఒప్పుకోకండి.

3. ఇంధన సరఫరా మార్పు చట్టబద్ధమేనా?
మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52(1) ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వివరాలు తయారీదారు స్పెసిఫికేషన్లకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. కె. జయచంద్ర కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే స్పష్టం చేసింది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లకు షరతులతో మినహాయింపు ఉంది, పికప్ కోసం చేసే మ్యాపింగ్‌కు లేదు. పాడైన ఇంజెక్టర్ స్థానంలో అదే స్పెసిఫికేషన్‌ది వేయడం మరమ్మతు. శక్తినీ ఉద్గారాలనూ మార్చే ఇంధన సరఫరా మార్పు ఈ నిషేధం కిందికి వస్తుందనే వాదన బలమైనది. సెక్షన్ 182ఎ(4) కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చేయించే ముందే రిజిస్టరింగ్ అథారిటీని లిఖితపూర్వకంగా అడగండి.

4. అనుమతి లేకుండా ఇప్పటికే చేయించేశాను. గడువు ఉందా?
సెక్షన్ 52(3) ప్రకారం మార్పు జరిగిన 14 రోజుల్లో ఆర్‌సీ, రుసుముతో రిజిస్టరింగ్ అథారిటీకి తెలపాలి. తెలిపినంత మాత్రాన నిషిద్ధమైన మార్పు సక్రమం కాదు. అలాంటిదైతే కంపెనీ స్థితికి తెప్పించి, ఆ బిల్లు భద్రపరచండి.

5. పీయూసీ సర్టిఫికెట్ ఉంటే చాలు కదా?
చాలదు. అది పొగ పరీక్ష మాత్రమే, మార్పుకు అనుమతి కాదు. బీఎస్-4, బీఎస్-6 పెట్రోలు కార్లకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. కేటలిటిక్ కన్వర్టర్ తీసేయడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

6. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలా?
చెప్పాలి, బిగించే ముందే, లిఖితపూర్వకంగా. అంగీకారం పాలసీ మీద ఎండార్స్‌మెంట్‌గా రావాలి. ఏజెంటు నోటిమాటను లెక్కలోకి తీసుకోకండి. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, అప్పటి నుంచి ఏడాదిలోగా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారికి కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. అదే వివాదం వినియోగదారుల కమిషన్‌లో నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు.

7. తేలిక భాగాల సాకుతో వారంటీ నిరాకరిస్తే?
ఏ భాగం వల్ల ఏ లోపం వచ్చిందో, వారంటీలోని ఏ షరతు కింద నిరాకరిస్తున్నారో లిఖితపూర్వకంగా అడగండి. పాత భాగాన్ని పారేయనివ్వకండి. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన తేదీ నుంచి రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపాలి. ఇంధన సరఫరా మార్పు కూడా చేయించి ఉంటే కేసు బలహీనపడుతుంది. ఆ విషయాన్ని ఫిర్యాదులో దాచకండి.