కణద్వార శోధనము

ఇంటికి బంధువు వచ్చి తలుపు తట్టినచో లోనివారు గుర్తెరిగి బదులు పలుకుదురు. మన దేహమునందలి కణములకును ఇట్టి ఏర్పాటు కలదు. కొన్ని పెప్టైడులు కణము వెలుపలనే నిలిచి తమ సందేశమును వినిపించును. దానిని కణపు పైపొరయందుండి అందుకొను ప్రోటీనునకు గ్రాహకమని పేరు.

అమెరికా దేశీయుడగు స్టాన్లీ కోహెన్ అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్లలకు లాలాజల గ్రంథుల సారమును సూదితో ఎక్కించి చూచెను. రెండు వారములకు తెరచుకొనవలసిన కన్నులు ఒక వారమునకే తెరచుకొనెను. ఇందులకు కారణమగు పదార్థమును ఆయన 1962లో వేరుపరచెను. అది 53 అమైనో ఆమ్లములు గల చిన్న పెప్టైడు. చర్మకణముల పెరుగుదలకు తోడ్పడుటచే దానికి ఎపిడెర్మల్ గ్రోత్ ఫాక్టర్ అను పేరు కలిగెను.

మరి దాని పిలుపును వినునది ఏది? సామాన్య కణములలో గ్రాహకము అత్యల్పముగా నుండును. దానిని వేరుచేయుట దుస్సాధ్యము. ఈ చిక్కును తీర్చినవి ఏ-431 అను మానవ కణములు. క్యాన్సరు గడ్డనుండి గైకొని ప్రయోగశాలలో పెంచబడిన ఈ కణములలో ఒక్కొక్కదానిపై 20 లక్షలకు పైగా గ్రాహకములు కలవు.

1980లో కోహెన్, ఆయన సహచరులు ఈ కణముల పైపొరలను సబ్బువంటి పదార్థముతో కరగించిరి. ఆ పెప్టైడునే అతికించిన సన్నని పూసలను అందు కలిపిరి. గాలమునకు చేప చిక్కినట్లు గ్రాహకము పూసలకు చిక్కెను. తక్కినవి కడుగగా పోయెను. పిమ్మట వేరొక ద్రవముతో గ్రాహకమును విడిపించిరి.

అప్పుడొక వింత కనబడెను. పెప్టైడును పట్టుకొను శక్తితోపాటు, ప్రోటీనులకు ఫాస్ఫేటును చేర్చు ఎంజైము శక్తియు అందే యుండెను. ఇవి ఒకే అణువునకు చెందినవా, రెండు అణువులు కూడి వచ్చినవా అను సందేహము పుట్టెను. తొలుత గ్రాహకపు అణుభారము సుమారు 1,50,000 అని తేలెను. కాని శుద్ధిచేయు సమయముననే కణములలోని మరియొక ఎంజైము దానిని కొంత కోసివేయుచున్నదని పిదప తెలిసెను. ఆ కోతను నివారింపగా 1982లో సుమారు 1,70,000 అణుభారము గల చెక్కుచెదరని గ్రాహకము లభించెను.

1984లో దాని నిర్మాణము పూర్తిగా వెల్లడియయ్యెను. అది 1,186 అమైనో ఆమ్లముల ఒకే గొలుసు. వెలుపలి భాగము పెప్టైడును పట్టుకొనును. లోపలి భాగము ఎంజైముగా పనిచేయును. సందేహము తీరెను.

1986లో కోహెన్, రీటా లెవీ-మోంటాల్చినీలకు నోబెల్ బహుమానము లభించెను. ఈ గ్రాహకమును అడ్డగించు ఔషధములు నేడు కొన్ని క్యాన్సరుల చికిత్సలో వాడబడుచున్నవి. తాము కనుగొన్నదానిని తామే మరల పరీక్షించి సరిదిద్దుకొనుట ఆ శాస్త్రజ్ఞుల గొప్పతనము. విద్యార్థులకును అది అనుసరణీయము.