ఇంట కూర్చిన కంప్యూటరునకు తగిన ఆపరేటింగు సిస్టము

మదర్‌బోర్డు, ప్రాసెసరు, మెమరీ, డిస్కు మొదలగు భాగములను వేర్వేరుగ కొని, ఇంటియందే కంప్యూటరును కూర్చుకొనుట విద్యార్థికి గొప్ప పాఠము. కాని భాగములు చేరినంతమాత్రమున యంత్రము పనిచేయదు. వానిచే పని చేయించుచు, తక్కిన ప్రోగ్రాములకు తావొసగు మూలప్రోగ్రాము కావలయును. దానినే ఆపరేటింగు సిస్టమందురు. కంపెనీవారు అమ్ము యంత్రమునందు భాగములును సిస్టమును పొసగునట్లు ముందే పరీక్షింపబడును. ఇంట కూర్చిన యంత్రమునకు ఆ పరీక్ష మనమే చేయవలసియుండును.

స్థిరము అను మాటకు ఇచ్చట రెండర్థములు గలవు. నడుమ ఆగిపోక పనిచేయుట మొదటిది. నెలకొక రీతిగ మారక, లోపములు మాత్రము సవరింపబడుచు చిరకాలముండుట రెండవది. మొదటిది చాలవరకు యంత్రమునుబట్టియు, రెండవది సిస్టమును పోషించువారినిబట్టియు నుండును. ఈ భేదము నెరుగనివారు యంత్రము ఆగినప్పుడెల్ల సిస్టమును మార్చుచుందురు. తెగులు వేరులో నుండగా ఆకులకు మందు చల్లినట్లగును.

కావున ముందుగ మెమరీని పరీక్షింపవలెనని మేము చెప్పుదుము. మెమ్‌టెస్ట్86 ప్లస్ అను ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవుపై నెక్కించి, యంత్రమును దానితోనే ఆరంభింపవచ్చును. అది మెమరీయందంతటను అంకెలు వ్రాసి, మరల చదివి సరిచూచును. రాత్రియంతయు నడిపిన పిమ్మట తప్పుల లెక్క సున్న యుండవలెను. తప్పులు కనబడుచుండినచో, ఎంత మేలైన సిస్టమైనను ఆ యంత్రమును సరిగ నడపజాలదు.

ఇక సిస్టమును గూర్చి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ సంరక్షణము ముగిసినది. విండోస్ 11 నియమముల ప్రకారము టి.పి.ఎం. 2.0 అను రక్షణసాధనము యంత్రమునందుండవలెను. అందుచేత చక్కగ పనిచేయు యంత్రమును పారవేసి క్రొత్తది కొనవలెనేమోయని కొందరు తలిదండ్రులు కలతపడుచున్నారు. అట్టి వ్యయము అందరికిని అవసరము లేదని మా యభిప్రాయము.

1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నెలును ఆరంభించెను. దాని నాధారము చేసికొని 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను స్థాపించెను. ఇది ఉచితము, స్వచ్ఛందసేవకులచే పోషింపబడుచున్నది. క్రొత్త ప్రోగ్రాము మొదట దీని అస్థిరశాఖలో ప్రవేశించును. కొన్ని దినములు గడచి, పెద్ద లోపము కనబడనిచో పరీక్షాశాఖకు వచ్చును. సుమారు రెండేండ్లకొకసారి ఆ శాఖలో మార్పులను నిలిపి, లోపములు దీర్చి, స్థిరశాఖగ ప్రకటింతురు. కూర్పులకు టాయ్ స్టోరీ చలనచిత్రములలోని పాత్రల పేర్లు పెట్టుదురు. 2025 ఆగస్టు 9న వెలువడిన 13వ కూర్పు ట్రిక్సీ. అస్థిరశాఖ పేరు ఎల్లప్పుడును సిడ్. ఆ చిత్రమున బొమ్మలను విరుగగొట్టు పొరుగింటి పిల్లవాడు వాడే! స్థిరమైన కూర్పునకు సాధారణముగ మూడేండ్లును, పిమ్మట మరి రెండేండ్లును రక్షణసవరణలు లభించును.

దీనియందు కొరతలును గలవు. స్థిరశాఖలోని ప్రోగ్రాములు కొంత పాతవి. మిక్కిలి క్రొత్త గ్రాఫిక్సు కార్డును అది గుర్తింపకపోవచ్చును. విండోస్‌కొరకు మాత్రమే చేసిన ప్రోగ్రాములు కొన్ని దీనిపై నడువవు. 32 బిట్ల పాత ప్రాసెసరుపై 13వ కూర్పును క్రొత్తగ స్థాపించుటకు వీలులేదు.

కాబట్టి స్థాపించుటకు ముందు లైవ్ పెన్‌డ్రైవుతో యంత్రము నారంభించి, వై-ఫై, శబ్దము, ప్రింటరు పనిచేయుచున్నవో లేవో చూడవలెను. ఇందువలన డిస్కులోని సిస్టము చెడదు. పాఠములను, ఛాయాచిత్రములను వేరొక డిస్కున భద్రపరచిన పిమ్మటనే స్థాపనకు పూనుకొనవలెను. ఆ పనిలో డిస్కు తుడిచివేయబడవచ్చును.

బాలబాలికలారా! బుద్ధిమంతుడు ఇంటి గోడల రంగును నిర్ణయించుటకు ముందు పునాది క్రింద బండ యున్నదో ఇసుక యున్నదో చూచును. మీరును యంత్రమును పరీక్షించి, చిరకాలము కాపాడబడు సిస్టము నెన్నుకొని, పిమ్మట దానిని మాటిమాటికి మార్చక మీ చదువునందు మనస్సు నిలుపుడు.