ఒక ద్రవ్యము - మూడు అంతస్తులు

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశమున, సముద్రతీరముననున్న ఎల్ జోంటె అను పల్లెలో 2019 నుండి బిట్‌కాయిన్ అను సంకేత ద్రవ్యముతో సరకులు కొనుట ఆరంభమైనది. 2021 సెప్టెంబరు 7 నుండి ఆ దేశము దానిని చట్టబద్ధమైన నాణెముగా చెలామణిలోనికి తెచ్చినది. చిల్లర బేరములకు ఇట్టి ద్రవ్యము పనికివచ్చునా? ఏ అంతస్తున చెల్లించుచున్నామో తెలిసిననే గాని దీనికి జవాబు చెప్పజాలము.

మొదటి అంతస్తు మూలచిట్టా. ఇది 2009 జనవరిలో మొదలైనది. దీని నకళ్లు వేలాది కంప్యూటర్లలో ఉండుటచే ఏ ఒక్కరును పద్దును దిద్దజాలరు. కాని సుమారు 10 నిమిషములకు ఒక పుట మాత్రమే చేరును. సెకనుకు సుమారు 7 పద్దులే పట్టును. చోటునకు పోటీ హెచ్చిన రుసుమును హెచ్చును. 2024 ఏప్రిల్ 20న సగటు రుసుము 100 డాలర్లు మించినది. రుసుము పద్దు ఆక్రమించు చోటును బట్టియే గాని సొమ్మును బట్టి ఉండదు. కావున లక్ష పంపువానికి తేలికయైనది పది పంపు కూలివానికి మోయరాని బరువగును.

రెండవ అంతస్తు లైట్నింగ్. ఇది 2018 నుండి వాడుకలోనున్నది. భూమి కొన్నపుడు రిజిస్ట్రేషను కచ్చేరికి పోదుము. ఉప్పుపప్పులకు కొట్టులో ఖాతా పెట్టి పిదప తీర్చుకొందుము. ఇదియు అట్టిదే. ఇరువురు మూలచిట్టాలో కొంత సొమ్ము కట్టి, ఆపై తమలో తాము సంతకములతో లెక్క నడుపుదురు. తుది నిలువ మాత్రమే మూలచిట్టాకు ఎక్కును. చెల్లింపు క్షణములో, స్వల్ప రుసుముతో ముగియును. అయితే ఖాతా తెరచుటకును మూయుటకును మూలచిట్టా రుసుము తప్పదు. కట్టిన సొమ్మునకు మించి చెల్లింపరాదు. ఎదుటివాడు పాత లెక్కను చూపి మోసగింపజూచిన, గడువులోగా అడ్డుచెప్పవలెను. అందుకు నిత్యము కావలి ఉండవలెను.

ఈ చిక్కులకు జంకి పలువురు మూడవ అంతస్తును ఆశ్రయింతురు. అనగా తాళపుచెవిని ఒక సంస్థ చేతికి ఇత్తురు. ఇది అన్నిటికంటె సులువు. కాని ఆ సంస్థ కూలిన సొమ్మును చిక్కుపడును. 2014లో టోక్యోలోని మౌంట్ గాక్స్ సంస్థ దివాలా తీయగా, అందు దాచుకొన్నవారు సుమారు పదేండ్లు ఎదురుచూడవలసి వచ్చినది.

ఎల్ సాల్వడార్ 2025 జనవరిలో చట్టమును సవరించి, ఈ ద్రవ్యమును స్వీకరించుట వర్తకుల ఇష్టమునకు వదలినది. మన దేశమున ఇది చట్టబద్ధమైన నాణెము కాదు. దీనిపై వచ్చు లాభమునకు 2022 ఏప్రిల్ 1 నుండి 30 శాతము పన్ను కలదు.

త్వరగా, చౌకగా సొమ్ము పంపవచ్చునని ఎవరైన గ్రామమునకు వచ్చి చెప్పినపుడు, సభ్యులు మూడు ప్రశ్నలడుగుట మేలు: తాళపుచెవి ఎవరిచేత నున్నది? లెక్కను ఎవరు కాచుదురు? రుసుము పెరిగిననాడు పేదవాని సొమ్ములో ఎంత మిగులును? జవాబు సూటిగా రానిచోట, కూలివాని కష్టార్జితమును అందు పెట్టనీయకుండ వారించుట సభ్యుల ధర్మము.